చదరంగపు గళ్ళ లెక్కలో ఏడు ప్రధాన సంఖ్యలు

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

పావులూరి మల్లన పేరు మీద తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్న పద్యం ఇది. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన కవి మల్లన. ఇక్కడ ఉదహరించిన మాటల్లో ఒక పెద్ద సంఖ్య మొత్తం ఉంది. మిగతా పద్యం అది దేని లెక్కో చెబుతుంది: చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం.

షట్కం తప్ప నేరుగా అంకె చెప్పే మాట లేదు. మిగతావన్నీ భూతసంఖ్యలే, అంటే అంకెలకు గుర్తుగా వాడే వస్తువుల పేర్లు. శరం అంటే మన్మథుడి బాణం, బాణాలు అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు మళ్ళీ ఒకటి. శరం అయిదు, సాయకం అన్నా బాణమే కనుక ఇంకో అయిదు. శరీరానికి నవరంధ్రాలు కనుక రంధ్రం తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్న. నగం కొండ, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు. భూధరం మళ్ళీ ఏడు, గగనం సున్న, అబ్ధి నాలుగు, వేదాలు నాలుగు, గిరి ఏడు, తర్కాలు ఆరు, పయోనిధి నాలుగు, పద్మజుడైన బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది, తుహినాంశువు చంద్రుడే కనుక ఒకటి. సంప్రదాయం ప్రకారం వీటిని కుడి నుంచి ఎడమకు, అంటే ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి పేర్చాలి. అప్పుడు వచ్చేది:

18446744073709551615

మన లెక్కలో చదివితే 1,84,467 కోట్ల కోట్లు, ఆ పైన 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615. ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా తప్పలేదు. యతిప్రాసలు కుదిరాయి, గణాలు కుదిరాయి, లెక్కా కుదిరింది. ఇది ఎంత పని అన్నది, పద్యం కట్టడానికి ఒక్కసారైనా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది.

ఈ సంఖ్య గురించి మాట్లాడేవాళ్ళు మామూలుగా దాని పరిమాణం దగ్గరే ఆగిపోతారు. రాజుగారు వరం కోరుకోమన్నాడు, చదరంగం కనిపెట్టినవాడు గింజలు అడిగాడు, ధాన్యాగారాలు ఖాళీ అయినా సరిపోలేదు. ఈ కథను 13వ శతాబ్దంలో అరబ్బీ జీవితచరిత్రల రచయిత ఇబ్న్ ఖల్లికాన్ రాసిపెట్టాడు. బియ్యపు గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం దాదాపు 46,000 కోట్ల టన్నులు అవుతుంది. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన కనుక, అది తొమ్మిది వందల ఏళ్ళకు అటూఇటూగా వచ్చే పంట. ఆశ్చర్యమే. కానీ దీనికన్నా పెద్ద సంఖ్య కావాలంటే చివర ఒక సున్న పెడితే చాలు. కాబట్టి పెద్దదనం దీని ప్రత్యేకత కాదు. నిజమైన సొగసు దాని లోపలి కట్టుబడిలో ఉంది. చిత్రం ఏమిటంటే, ఆ కట్టుబడిని చూడటానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక కాగితం, హైస్కూలు గణితం, కొంచెం ఓపిక చాలు.

ఆరు మెట్లు

ముందు మొత్తం ఎలా వస్తుందో చూద్దాం. ఏ గడిలో చూసినా, అందులో గింజలు అంతకు ముందున్న గళ్ళన్నిటి మొత్తం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. రెండో గడిలో 2, దాని ముందు మొత్తం 1. మూడో గడిలో 4, ముందు మొత్తం 3. నాలుగో గడిలో 8, ముందు మొత్తం 7. ఈ లెక్కన 64 గళ్ళ మొత్తం కావాలంటే, లేని 65వ గడిలో ఎన్ని గింజలు పడేవో చూసి ఒకటి తీసేస్తే చాలు. ఆ గడిలో పడేవి 2⁶⁴. కనుక మన సంఖ్య 2⁶⁴ − 1.

2⁶⁴ విలువ కట్టడానికి 64 సార్లు రెట్టించనక్కర్లేదు. పింగళుడు ఛందశ్శాస్త్రంలోనే దగ్గర దారి చెప్పాడు. ఇన్ని అక్షరాల పాదంలో గురులఘువుల అమరికలు ఎన్ని అన్నది అక్కడి ప్రశ్న. సరి సంఖ్య వస్తే సగం చేసి వర్గం కట్టు, బేసి వస్తే ఒకటి తీసి రెట్టించు అన్నది జవాబు. 64ని సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. ఎక్కడా బేసి అడ్డం రాదు. అంటే రెండుతో మొదలుపెట్టి వర్గం కట్టుకుంటూ పోవడమే:

2, 4, 16, 256, 65536, 4294967296

చివరిదాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే 18446744073709551616. మొత్తం ఆరు వర్గాలు. అందులో నుంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య.

ఇప్పుడు ఎనిమిదో తరగతి సూత్రం ఒకటి గుర్తు చేసుకోవాలి: ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే, మిగిలింది రెండు సంఖ్యల లబ్ధం. మూలానికి ఒకటి తక్కువ, మూలానికి ఒకటి ఎక్కువ. 100 − 1 అంటే 9 × 11 అయినట్టే, 2⁶⁴ − 1 అంటే 4294967295 × 4294967297. అందులో మొదటిది మళ్ళీ ఒక వర్గంలోంచి ఒకటి తీసేసిందే కనుక అదీ విడిపోతుంది: 65535 × 65537. మళ్ళీ 65535 = 255 × 257. ఇలా దిగుతూ వస్తే చివరకు తేలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

పైన రాసిన ఆరు మెట్లను మళ్ళీ చూడండి. ఒక్కో మెట్టుకు ఒకటి కలిపితే ఒక్కో కారణాంకం. పింగళుడి దారిలో ఎక్కిన మెట్లే సంఖ్యను విప్పే తాళాలు కూడా. ఇరవై అంకెల సంఖ్య ఎదురుగా పెట్టి కారణాంకాలు చెప్పమంటే ఎవరైనా జంకుతారు. అది ఎలా పుట్టిందో తెలిస్తే విడదీయడానికి అయిదు పంక్తులు చాలు. పెద్ద సంఖ్యల గణితంలో కష్టమూ తేలికా చాలాసార్లు ఇలాగే ఉంటాయి. ఎన్ని అంకెలు ఉన్నాయన్నదాని కన్నా పుట్టుక తెలుసా లేదా అన్నదే ముఖ్యం.

ఏడు ఎందుకు రాదు

జాబితాలో 3, 5, 17 ఉన్నాయి. 7 లేదు, 11 లేదు, 13 లేదు. ఇది యాదృచ్ఛికం కాదు.

2 యొక్క ఘాతాలను, అంటే 2, 4, 8, 16 లాంటి వాటిని, 7తో భాగిస్తూ శేషాలు రాసుకోండి: 2, 4, 1, మళ్ళీ 2, 4, 1. మూడు అడుగుల చక్రం. శేషం 1 వచ్చేది 3, 6, 9 లాంటి మూడు గుణిజాల దగ్గరే. 64 మూడుకు గుణిజం కాదు. కాబట్టి 2⁶⁴ని 7తో భాగిస్తే 1 మిగలదు, 2⁶⁴ − 1 ఏడుతో తెగదు. 11 దగ్గర చక్రం పొడవు 10, 13 దగ్గర 12. ఇవేవీ 64ని భాగించవు. 64ని భాగించేవి 1, 2, 4, 8, 16, 32, 64 మాత్రమే. కనుక ఇందులోకి రాగలిగిన ప్రధాన సంఖ్యలు చక్రం పొడవు ఈ వరసలో ఉన్నవే. మిగతా వాటికి తలుపు మూసే ఉంది.

దీన్ని చదరంగం పలక మీదే చూడొచ్చు. మొదటి రెండు గళ్ళ మొత్తం 3. నాలుగు గళ్ళ మొత్తం 15, అక్కడ 5 అడుగుపెడుతుంది. మొదటి వరస ఎనిమిది గళ్ళ మొత్తం 255, అక్కడ 17 వస్తుంది. రెండు వరసలు నిండితే 65535, అక్కడ 257. సగం పలక, అంటే నాలుగు వరసలు నిండితే 4294967295, అక్కడ 65537. ఇక ఆఖరి గడి నిండేదాకా ఆగితే తప్ప కనిపించని ప్రధాన సంఖ్యలు రెండున్నాయి. అవి 4294967297 లోపల దాక్కుని ఉన్నాయి. వాటి వెనక ఒక గొప్ప గణితవేత్త పొరపాటు ఉంది.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ భాగహారం

3, 5, 17, 257, 65537. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరసను చూసి, ఇలా పుట్టే ప్రతి సంఖ్యా ప్రధానమే అయి ఉంటుందని ఫ్రాన్సుకు చెందిన పియర్ ద ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు. నిరూపణ తన దగ్గర లేదని ఒప్పుకుంటూనే గట్టిగా నమ్మాడు. ఇప్పుడు ఫెర్మా సంఖ్యలు అని పిలిచే ఆ వరసలో తర్వాతి సంఖ్య 4294967297. దాన్ని 641 భాగిస్తుందని స్విస్ గణితవేత్త ఆయిలర్ 1732లో చూపించాడు. 641 × 6700417.

ఆయిలర్ 3 నుంచి ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ గుడ్డిగా పోలేదు. పైన చూసిన చక్రమే దారి చూపిస్తుంది. ఏదైనా ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తే, ఆ సంఖ్య దగ్గర 2³²కి శేషం −1 అన్నమాట, అంటే పూర్తిగా తెగడానికి ఒకటి తక్కువ. వర్గం చేస్తే 2⁶⁴కి శేషం 1. అంటే చక్రం 64 దగ్గర ముగుస్తుంది, 32 దగ్గర ముగియదు. కనుక దాని పొడవు సరిగ్గా 64. ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే, మిగిలింది చక్రం పొడవుకు ఎప్పుడూ గుణిజమే అయి తీరాలి. ఇది ఫెర్మా సొంత సిద్ధాంతం. కాబట్టి వెతకాల్సింది 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యల్లోనే: 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే దొరికిపోతుంది. చేతిలో ఉన్న తన సిద్ధాంతాన్నే వాడి ఉంటే ఫెర్మా ఒక పూటలో తన ఊహ తప్పని తెలుసుకునేవాడు. సంఖ్యల మీద అంతటి పట్టు ఉన్న మనిషి ఆ అయిదు భాగహారాలు ఎందుకు చెయ్యలేదో, చేసి ఎక్కడ తప్పాడో, ఆలోచించిన ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది.

641 నిజంగా భాగిస్తుందా అన్నది పది అంకెల భాగహారం లేకుండానే చూడొచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన నిరూపణ. 641ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 5 × 128 + 1, అంటే 5 × 2⁷ + 1. రెండు, 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటి దాని వల్ల 5 × 2⁷కి 641 దగ్గర శేషం −1. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో దాని వల్ల 5⁴ బదులు −2⁴ రాసుకోవచ్చు. అప్పుడు −2⁴ × 2²⁸, అంటే −2³²కి శేషం 1. కనుక 2³²కి శేషం −1, 2³² + 1కి శేషం సున్న. అయిపోయింది.

మరి 6700417 ఇంకా విడిపోతుందా? అది విడిపోతే చిన్న కారణాంకం దాని వర్గమూలం కన్నా, అంటే 2588 కన్నా పెద్దది కాదు. అలాంటి కారణాంకం 4294967297ని కూడా భాగిస్తుంది కనుక పై నియమానికే కట్టుబడాలి. ఆ నియమాన్ని ఫ్రెంచ్ గణితవేత్త ఎడువార్ లూకా 19వ శతాబ్దంలో ఇంకా బిగించాడు. 64 గుణిజం కాదు, 128 గుణిజానికి ఒకటి కలిపినదే అయి ఉండాలన్నాడు. 2588 లోపల అలాంటి ప్రధాన సంఖ్యలు అయిదే అయిదు: 257, 641, 769, 1153, 1409. 6700417ని వీటితో భాగిస్తే వచ్చే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్న కాదు. కనుక 6700417 ప్రధాన సంఖ్య. డెబ్బై లక్షలకు దగ్గరగా ఉన్న సంఖ్య ప్రధానమని కాగితం మీద అయిదు భాగహారాలతో తేల్చేశాం.

ఇప్పుడు మన సంఖ్య పూర్తిగా విడిపోయింది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. అందువల్ల భాజకాల లెక్క తేలిక. ప్రతి ప్రధాన సంఖ్యనూ తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. ఏడుసార్లు రెండేసి దారులు, మొత్తం 128 భాజకాలు. మల్లన పద్యంతోనే సరిచూసుకోవాలంటే అంకెలన్నీ కూడండి, 87 వస్తుంది. అది 3తో తెగుతుంది, 9తో తెగదు. చివర 15 ఉంది కనుక 5తో తెగుతుంది, 25తో తెగదు. రెండు పరీక్షలూ జాబితాతో సరిపోతున్నాయి.

పక్కనున్న గళ్ళ దగ్గర ఆగి చూస్తే స్వభావమే మారిపోతుంది. 63 గళ్ళ మొత్తం 9223372036854775807. ఇందులో 3 లేదు, 5 లేదు. 64 దగ్గర రానే రాదన్న 7 మాత్రం రెండుసార్లు ఉంది. 63 మూడుకు గుణిజం మరి. 61 గళ్ళ దగ్గర ఆగితే వచ్చే 2305843009213693951 అసలు విడిపోనే విడిపోదు. అది ప్రధాన సంఖ్య అని రష్యాకు చెందిన ఇవాన్ పెర్వూషిన్ 1883లో చూపించాడు. మూడు గళ్ళ తేడాలో ఒకటి ఏడు ముక్కలు, ఒకటి అఖండం.

మేరువులో 64వ వరస

మన సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాస్తే 64 ఒకట్లు వస్తాయి, వేరే ఏమీ ఉండదు. ప్రతి గడీ ఒక స్థానం, ప్రతి స్థానంలో 1.

తెలుగు పాఠకులకు ఇది ఛందస్సు నుంచి కూడా అందుతుంది. ప్రస్తారం అంటే గురులఘువుల అమరికలన్నిటినీ వరసగా రాసే పట్టిక. అందులో గురువును 0గా, లఘువును 1గా, మొదటి అక్షరాన్ని ఒకట్ల స్థానంగా తీసుకుని, వచ్చినదానికి ఒకటి కలిపితే వృత్తసంఖ్య, అంటే ఆ పట్టికలో దాని వరస సంఖ్య, వస్తుంది. మల్లన పద్యం చంపకమాల. 21 అక్షరాల ప్రకృతి ఛందంలో మొత్తం 2²¹, అంటే 20,97,152 వృత్తాలు. న జ భ జ జ జ ర గణాలను పై పద్ధతిలో సంఖ్యగా మార్చండి: 7,11,599. ఒకటి కలిపితే 7,11,600. మన లక్షణకర్తలు చంపకమాలకు ఇచ్చిన వృత్తసంఖ్య ఇదే. ఈ లెక్కనే 64 అక్షరాల పాదం ఒకటి ఊహించుకుని అందులో అన్నీ లఘువులే వేస్తే, ఒకటి కలపక ముందు వచ్చేది 18446744073709551615. 2 యొక్క ఘాతాల మొత్తాన్ని చెప్పే పద్యం తానే 2 యొక్క ఘాతాల పట్టికలో ఒక గడిలో కూర్చుని ఉంది.

పింగళుడి సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ 10వ శతాబ్దంలో హలాయుధుడు మేరు ప్రస్తారాన్ని వివరించాడు. పైన 1, కింద 1 1, దాని కింద 1 2 1, తర్వాత 1 3 3 1, ఇలా పై రెండు గళ్ళను కూడి కింది గడి నింపుతూ పోవడం. స్కూల్లో పాస్కల్ త్రిభుజం అని నేర్పేది ఇదే. అందులో బేసి సంఖ్యల చోట 1, సరి సంఖ్యల చోట 0 వేసి, ఒక్కో వరసను ద్విసంఖ్యగా చదవండి. 1 2 1 కాస్తా 101 అవుతుంది, అంటే 5. 1 3 3 1 కాస్తా 1111, అంటే 15. 1 4 6 4 1 కాస్తా 10001, అంటే 17. వరస ఇలా సాగుతుంది:

1, 3, 5, 15, 17, 51, 85, 255, 257...

ప్రతిదీ మన ఆరు కారణాంకాల్లో కొన్నిటి లబ్ధం. 51 అంటే 3 × 17, 85 అంటే 5 × 17. ఎనిమిదో వరస 255, చదరంగం మొదటి వరస మొత్తం. పదహారో వరస 65535, రెండు వరసల మొత్తం. ముప్పై రెండో వరస సగం పలక మొత్తం. అరవై నాలుగో వరసలో అన్నీ బేసి సంఖ్యలే, దాన్ని చదివితే వచ్చేది మన సంఖ్యే. మొదటి 64 వరసలూ దాని భాజకాలే. 128 భాజకాల్లో సరిగ్గా సగం మేరువులో ఉన్నాయి. మిగతా సగం, 641ని, 6700417ని విడివిడిగా వాడుకునేవి, మేరువుకు అందవు.

ఇదే వరసకు జ్యామితిలో ఇంకో అర్థం ఉంది. స్కేలు, కంపాసు మాత్రమే వాడి సమాన భుజాలు, సమాన కోణాలున్న బహుభుజిని గియ్యాలి. త్రిభుజం, పంచభుజి గ్రీకులకు తెలుసు. సప్తభుజి కుదరదు. పదిహేడు భుజాలది గియ్యొచ్చని 1796లో జర్మన్ గణితవేత్త గౌస్ కనిపెట్టాడు, అప్పటికి అతనికి ఇంకా పందొమ్మిది నిండలేదు. భుజాల సంఖ్య బేసి అయితే, అది ప్రధాన సంఖ్యలైన ఫెర్మా సంఖ్యల లబ్ధం కావాలి, ఏదీ రెండోసారి రాకూడదు. అప్పుడే గియ్యడం సాధ్యం. కాకపోతే అసాధ్యమన్న సగాన్ని పియర్ వాంట్జెల్ 1837లో నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదే కనుక, గియ్యగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజులు 31. మేరువు రెండో వరస నుంచి ముప్పై రెండో వరస దాకా చదివితే ఆ 31 సంఖ్యలూ అదే క్రమంలో వస్తాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది 4294967295 భుజాలది, సగం పలక మీది గింజలెన్నో అన్ని భుజాలు. ముప్పై మూడో వరస దగ్గర 4294967297 వచ్చి, అది 641తో విడిపోవడంతో ఆ పోలిక తెగిపోతుంది. 65537 భుజాల బొమ్మ గీసే పద్ధతిని రాయడానికి యోహాన్ హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళ పాటు కూర్చున్నాడు. ఆ రాతప్రతి గోటింగెన్‌లో భద్రంగా ఉంది.

65537కి ఇప్పుడు వేరే కొలువు దొరికింది. ఇంటర్నెట్‌లో రహస్యంగా సందేశాలు పంపడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగంగా ప్రకటించే ఘాతం చాలాచోట్ల ఇదే. ఒక సంఖ్యకు 65537వ ఘాతం కట్టాలంటే పదహారు సార్లు వర్గం చేసి ఒక్కసారి గుణిస్తే చాలు. పింగళుడి దగ్గర దారి అక్కడ రోజూ కోట్ల సార్లు నడుస్తోంది.

మన సంఖ్య కూడా కంప్యూటర్ వాళ్ళకు బాగా తెలిసినదే. 64 బిట్ల జాగాలో రాయగలిగిన అతి పెద్ద పూర్ణాంకం ఇది. దానికి ఒకటి కలిపితే 65వ బిట్‌కు చోటు లేక అన్నీ సున్నలైపోతాయి. ఒకటి కలిపితే సున్న అయ్యేది −1 కదా. అందుకే ఆ 64 ఒకట్లనే, రుణసంఖ్యలను కూడా లెక్కించే పద్ధతిలో చదివితే −1 అని అర్థం. ప్రోగ్రాములో −1 ఉండాల్సిన చోట 18446744073709551615 కనిపించి తలపట్టుకున్న ఇంజనీర్లు హైదరాబాద్‌లో చాలామందే ఉంటారు.

హనోయ్ గోపురం ఆట కూడా ఈ లెక్కే. నియమాన్ని బిగించిన లూకానే 1883లో ఆ ఆటను తెచ్చాడు. 64 పళ్ళేలను ఒక్కోసారి ఒక్కటే చొప్పున, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మూడు కడ్డీల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చడానికి తక్కువలో తక్కువ 18446744073709551615 ఎత్తులు కావాలి. సెకనుకు ఒకటి చొప్పున 58,454 కోట్ల సంవత్సరాలు, విశ్వం వయసుకు 42 రెట్లు.

రెండు పలకలు పక్కపక్కన పెడితే

మన సంఖ్యకు రెండు కలిపితే 18446744073709551617. ఇది 2⁶⁴ + 1, అంటే వరసలో తర్వాతి ఫెర్మా సంఖ్య. ప్రతి ఫెర్మా సంఖ్యా దాని ముందున్న వాటన్నిటి లబ్ధం కన్నా సరిగ్గా రెండు ఎక్కువ. 3 × 5కి రెండు కలిపితే 17, 3 × 5 × 17కి రెండు కలిపితే 257. కనుక రెండు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ని కూడా భాగించాలి. కానీ అన్నీ బేసి సంఖ్యలు. అంటే ఏ రెంటికీ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉండదు. వరస ఎంత దూరం సాగితే అన్ని కొత్త ప్రధాన సంఖ్యలు రావాల్సిందే. ప్రధాన సంఖ్యలు అనంతం అని చెప్పడానికి ఇదొక నిరూపణ, 1730లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. పలకను రెట్టింపు చేసిన ప్రతిసారీ, అంతకు ముందు ఏ చిన్న పలక మీదా కనిపించని ప్రధాన సంఖ్య కనీసం ఒకటి వచ్చి తీరుతుంది.

64 గళ్ళ పక్కన ఇంకో 64 పెట్టి రెట్టిస్తూ పోతే, 128వ గడి దగ్గర కొత్తగా వచ్చేవి 274177, 67280421310721. ఎనభై ఏళ్ళు దాటిన వయసులో ఫ్రాన్సుకు చెందిన లాండ్రీ 1880లో చేత్తో లెక్క కట్టి ఈ జంటను విడదీశాడు. ఆయిలర్ పట్టుకున్న చక్రం ఇక్కడా పనిచేస్తుంది. 274177లోంచి ఒకటి తీసి చూడండి, 256 × 1071.

3ను మొదటిదిగా లెక్కిస్తే మొదటి అయిదు ఫెర్మా సంఖ్యలు ప్రధానం. ఆరోది నుంచి ముప్పై మూడోది దాకా ఏదీ ప్రధానం కాదని తేలిపోయింది. ముప్పై నాలుగోదానికి 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. అది ప్రధానమో కాదో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ప్రధానం అని తేలితే గౌస్ జాబితాలోని 31 బహుభుజులు ఒక్కసారిగా 63 అవుతాయి.